భాష చదివినవాళ్లకు పని ఎక్కడుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో భాషాశాస్త్రం చదువుతున్నవాళ్లవీ, చదవాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లవీ ఎక్కువ. వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

*ప్రశ్న: ఎం.ఏ. భాషాశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎండాకాలం సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది. ఇంజనీరింగ్ వాళ్లకు వచ్చినట్టు మాకు నోటిఫికేషన్లు రావు. ఎక్కడ అడగాలి? ఎలా అడగాలి?*
*– విద్యార్థిని, హైదరాబాద్*

మీరన్నది నిజమే. మన రంగంలో ఇంటర్న్‌షిప్పులు చాలావరకు ప్రకటనగా రావు. ప్రాజెక్టు నడుస్తున్న చోటు వెతుక్కుని మనమే ఉత్తరం రాసి అడగాలి. మీరు హైదరాబాద్‌లో ఉండటం పెద్ద అనుకూలత. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం ఉంది, దాన్ని అందరూ ఎల్‌టీఆర్‌సీ అంటారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ ఉంది, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. ఊరు దాటి వెళ్లగలిగితే మైసూరులో 1969లో మొదలైన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ, సీఐఐఎల్. మాటలనూ పాఠాలనూ పెద్ద ఎత్తున సేకరించే ఎల్‌డీసీ-ఐఎల్, జాతీయ అనువాద మిషన్, పదివేల మంది కంటే తక్కువమంది మాట్లాడే భాషలను నమోదు చేసే పథకం అక్కడివే. భారతీయ భాషలకు కృత్రిమ మేధ పరికరాలు తయారుచేసే ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం, 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషానువాద పథకం 'భాషిణి' కింద పనిచేసే విద్యాసంస్థలు కూడా తెలుగు డేటాతోనే రోజూ కుస్తీ పడుతుంటాయి. శాసనాలు, పాత కావ్యభాష మీద ఇష్టం ఉంటే నెల్లూరులోని ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రాన్ని మరిచిపోకండి.

ఉత్తరం సంగతి. మే, జూన్‌లలో చేరాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే రాయండి. ఏప్రిల్‌లో రాస్తే సీట్లూ హాస్టల్ గదులూ అప్పటికే అయిపోయి ఉంటాయి. రెండు వందల మాటలు మించకూడదు. మీరెవరు, ఏ తేదీ నుంచి ఎన్ని వారాలు రాగలరు, ఆ బృందం చేసిన పనుల్లో మీరు చదివినదేది, అందులో మీకు తట్టిన సందేహమేది, మీరు ఏ పనిలో సాయపడగలరు అన్నవి చాలు. ఆరు వారాలకు తగ్గితే చాలాచోట్ల ఒప్పుకోరు. పని నేర్పడానికే మొదటి రెండు వారాలు పోతాయి కాబట్టి మిగిలిన వారాల్లోనే వాళ్లకు ఏమైనా ప్రయోజనం. అందుకని ఎనిమిది వారాలు అడగండి. ఒకే ఉత్తరాన్ని ఇరవై మందికి ఒకేసారి పంపవద్దు. పేరు మార్చి పంపినా చదివేవాళ్లు పసిగట్టేస్తారు. రెండు వారాలైనా జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి. అంతకుమించి వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఉత్తరంతో జతచేసే కాగితం. చాలామంది సర్టిఫికెట్లు జతచేస్తారు, వాటిని ఎవరూ తెరవరు. దాని బదులు మీరు స్వయంగా చేసిన రెండు పేజీల పని పంపండి. మీ అమ్మమ్మో పక్కింటివారో చెప్పిన ఐదు నిమిషాల కబుర్లు రికార్డు చేసి, అందులోంచి ఇరవై వాక్యాలు ఎత్తి రాయండి. ఒక్కో వాక్యం కింద ప్రత్యయాలు విడదీసి, లైప్‌జిగ్ పద్ధతిలో ఒక్కో ముక్కకు అర్థం రాసి, చివర అనువాదం ఇవ్వండి. ఇక్కడ చాలామంది పొరపాటు పడేదొకటుంది. తెలుగు లిపిలోనే విడదీయబోతే ప్రత్యయం హద్దు అక్షరం నడిమధ్యలో పడుతుంది. 'వెళ్తున్నారు'లో 'రు' ఒక్కటే శుభ్రంగా విడుతుంది. దాని ముందున్న 'న్నా'ను హల్లు ఒకవైపుకీ, అచ్చు ఒకవైపుకీ చీల్చాలి. అందుకే ఆ వరుస రోమన్ లిప్యంతరీకరణలో రాయాలి, పైన మాత్రం తెలుగు లిపి ఉంచాలి. 'ఇంట్లో' వచ్చినప్పుడు 'ఇల్లు' అని రాసి వదిలేయకండి. విభక్తి చేరే ముందు అది 'ఇంటి' అవుతుంది, ఆ ఔపవిభక్తిక రూపాన్ని చూపించండి. చదివే ఆచార్యుడు వెతికేది సరిగ్గా ఇలాంటి చోట్లే. ఇరవై వాక్యాలు తప్పుల్లేకుండా చేసిన విద్యార్థికి ఎక్కడో ఒకచోట తలుపు తెరుచుకుంటుంది.

*ప్రశ్న: నేను బి.ఏ. తెలుగు సాహిత్యం. ఇప్పుడు కంపెనీల్లో తెలుగు డేటా పని ఉందంటున్నారు. నాకు కోడింగ్ రాదు. నాలాంటివాళ్లకు అందులో చోటుందా?*
*– విద్యార్థి, శ్రీకాకుళం*

ఉంది. కాకపోతే 'తెలుగు వచ్చు' అన్నంత మాత్రాన సరిపోదు. తెలుగులో ఏ మాట ఏ పని చేస్తోందో చెప్పగలగాలి.

వాక్యాల్లో మాటలకు గుర్తులు పెట్టడాన్ని అనోటేషన్ అంటారు. మన దేశంలో వాక్యనిర్మాణానికి గుర్తులు పెట్టేటప్పుడు ట్రిపుల్ ఐటీ బృందం పాణినీయ కారకాల (క్రియతో పేర్లకుండే సంబంధాల) మీద కట్టిన పద్ధతి బాగా వాడుకలో ఉంది. అందులో కర్త కె1, కర్మ కె2, కరణం కె3, సంప్రదానం కె4, అపాదానం కె5, అధికరణం కె7. వ్యాకరణం చదువుకున్న మీకు ఇవి కొత్త కావు. ఇప్పుడు 'కి, కు' ఒక్కదాన్నే పట్టుకుని చూడండి. 'నేను నీకు డబ్బు ఇచ్చాను' అన్నప్పుడు 'నీకు' సంప్రదానం, కె4. 'నాకు తలనొప్పి వచ్చింది' అంటే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. 'నాకు' అక్కడ అనుభవించేవాడు, దానికి కె4ఎ అని వేరే గుర్తు. 'నేను ఊరికి వెళ్లాను'లో అది గమ్యం, కె2పి. 'చదవడానికి వెళ్లాను'లో ప్రయోజనం, ఆర్‌టీ. విభక్తి ఒక్కటే, గుర్తులు నాలుగు. ప్రత్యయం చూసి గుర్తు పెట్టేవాడి పని మొదటి రోజే తిరిగొస్తుంది.

ఇంకో చిక్కు క్రియ లేని వాక్యం. వాక్యాన్ని చెట్టులా గీస్తే, 'ఆయన డాక్టరు' అన్నదానిలో వేరు, అంటే మిగతా మాటలన్నీ ఆధారపడే మాట, ఏది? పాణినీయ పద్ధతిలో అక్కడ కనిపించని క్రియ ఒకటి చేరుస్తారు. అంతర్జాతీయంగా నడిచే యూనివర్సల్ డిపెండెన్సీస్ పద్ధతిలో 'డాక్టరు'నే వేరుగా తీసుకుంటారు. రెండూ తప్పు కాదు. కానీ మీ ప్రాజెక్టు ఏ మార్గదర్శక పత్రాన్ని పాటిస్తోందో ముందు చదవకుండా కూర్చుంటే సగం దారిలో పని కలగాపులగం అవుతుంది.

మీ పని బాగుందో లేదో ఎలా తేలుస్తారు? ఒకే పాఠాన్ని ఇద్దరికిచ్చి విడివిడిగా గుర్తులు పెట్టిస్తారు. వంద మాటల్లో ఎనభై చోట్ల ఇద్దరివీ కలిశాయనుకోండి. ఎనభై శాతం అనగానే బాగుందనిపిస్తుంది. కానీ ఆ గుర్తులు ఎంత తరచుగా వస్తాయో లెక్కగడితే, కళ్లు మూసుకుని పెట్టినా అరవై చోట్ల కలిసేవే అని తేలిందనుకోండి. అప్పుడు ఎనభైలోంచి అరవై తీసేయాలి, వందలోంచి అరవై తీసేయాలి, ఇరవైని నలభైతో భాగించాలి. వచ్చేది 0.5. దీన్ని కోహెన్ కప్పా అంటారు. ఆ అంకె చూశాక ఎనభై శాతం అంత గొప్పగా ఏమీ కనిపించదు. ఇంటర్వ్యూలో ఈ లెక్క నోటితో చెప్పగలిగితే మీరు పని తెలిసినవారని అర్థమైపోతుంది.

కోడింగ్ గురించి. మొదట్లో లేకపోయినా నడుస్తుంది, కానీ రెండేళ్లయ్యాక అది లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. పూర్తి ఇంజనీరు కానక్కర్లేదు. పైథాన్‌లో ఫైలు తెరవడం, మాటలు లెక్కపెట్టడం, అక్షరాల నమూనాలు చెప్పే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో వెతకడం, స్ప్రెడ్‌షీటు శుభ్రం చేయడం, ఇంతవరకు రోజుకు గంట చొప్పున మూడు నెలల్లో వస్తాయి. కంప్యూటరు అక్షరాలను దాచుకునే పద్ధతి యూనికోడ్‌ను ముందు నేర్చుకోండి. తెలుగులో తప్పులన్నీ పుట్టేది అక్కడే. 'తెలుగు' అన్న మాట పొడవెంత అని పైథాన్‌ను అడిగితే 6 అంటుంది, ఎందుకంటే అది గుణింతపు గుర్తుల్ని వేరుగా లెక్కపెడుతుంది. 'స్త్రీ' అడిగినా 6 అంటుంది! కంటికి మూడక్షరాల మాటా, ఒక్కక్షరం మాటా దానికి సమానం. అలాగే 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట్, వే కలిసిపోకుండా మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పడుతుంది. ఒకరు దాన్ని పెట్టి, ఇంకొకరు పెట్టకుండా రాస్తే యంత్రానికి అవి రెండు వేరు వేరు మాటలు. డేటాలో ఇలాంటి జంటల్ని పట్టుకోగల తెలుగు విద్యార్థి ఏ బృందానికైనా విలువైనవాడే.

ఉద్యోగం వెతికేటప్పుడు 'భాషాశాస్త్రవేత్త' అని వెతికితే ఏమీ దొరకదు. లాంగ్వేజ్ స్పెషలిస్ట్, డేటా అనోటేటర్, అనలిటికల్ లింగ్విస్ట్, లోకలైజేషన్ టెస్టర్ అన్న పేర్లతో వెతకండి. వీటిలో చాలావరకు ఏజెన్సీల ద్వారా వచ్చే ఒప్పంద ఉద్యోగాలే, కాలపరిమితి ముందే అడిగి రాయించుకోండి. అక్కడ చేసిన పని బయట చూపించకూడదని సంతకం చేయిస్తారు. కాబట్టి చూపించుకోవడానికి మీ సొంత నమూనా ఒకటి ఎప్పుడూ విడిగా ఉండాలి.

*ప్రశ్న: ఇంటి నుంచి ఆడియో విని తెలుగులో టైపు చేసే పని అంటూ మెసేజ్ వచ్చింది. రెండున్నర వేలు డిపాజిట్ కట్టమంటున్నారు. కట్టవచ్చా?*
*– గృహిణి, గుంటూరు*

కట్టకండి. పని ఇచ్చేవాళ్లు పని చేసేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు, అది డిపాజిట్ అన్నా, రిజిస్ట్రేషన్ అన్నా, శిక్షణ రుసుము అన్నా. దీనికే ఇంకో రూపం ఉంది. డబ్బు అడగరు, ఆన్‌లైన్ ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. పని పంపాక 'తొంభై ఎనిమిది శాతం కచ్చితత్వం రాలేదు, జరిమానా కట్టు, లేకపోతే కోర్టు నోటీసు' అని బెదిరిస్తారు. భయపడి కట్టవద్దు. మెసేజ్‌లన్నీ దాచిపెట్టి 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు.

నిజమైన పని దొరికినప్పుడు కూడా ఒక లెక్క చూసుకోండి, అమ్మా. ఇందులో డబ్బు ఆడియో నిమిషానికి ఇస్తారు, మీరు కూర్చున్న నిమిషానికి కాదు. ముందు పది నిమిషాల ఆడియో మీరే టైపు చేసి గడియారం చూడండి. గంట పట్టిందంటే, గంట ఆడియోకు మీకు ఆరు గంటలు. గంట ఆడియోకు వచ్చే డబ్బును ఆరుతో భాగించి, మీ గంటకు అది గిట్టుబాటో కాదో చూసుకున్నాకే ఒప్పుకోండి.

*ప్రశ్న: ఎం.ఏ. పూర్తిచేశాను. ఒక సంస్థలో తెలుగు లోకలైజేషన్ పరీక్ష రాశాను, తీసుకోలేదు. కారణం చెప్పలేదు. నా తెలుగు బాగానే ఉంటుంది. ఏం తప్పు చేసి ఉంటాను?*
*– పాఠకుడు, విజయవాడ*

మీ జవాబుపత్రం మా ముందు లేదు. కానీ యాప్‌లలోని మాటలను తెలుగువాళ్లకు తగినట్టు మార్చడమే లోకలైజేషన్, ఆ పరీక్షల్లో తెలుగు బాగా వచ్చినవాళ్లే పడే గుంటలు కొన్ని ఉన్నాయి.

మొదటిది 'బడు'. ఇంగ్లీషులో కర్మణి వాక్యం కనిపించగానే 'మీ పాస్‌వర్డ్ మార్చబడింది', 'మీ ఆర్డరు స్వీకరించబడినది' అని రాసేస్తారు. ఇంట్లో ఎవరైనా అలా అంటారా? 'మీ పాస్‌వర్డ్ మారింది', 'మీ ఆర్డరు అందింది' చాలు. మాట తగ్గుతుంది, ఫోను తెరమీద చోటూ మిగులుతుంది.

రెండోది ఖాళీ జాగాలు. యాప్‌లో వాక్యం మధ్య పేరు కోసం ఒక జాగా వదులుతారు, తర్వాత అందులో ఎవరి పేరైనా వచ్చి కూర్చుంటుంది. ఆ జాగా పక్కన 'కు' అని తగిలించేస్తే 'సీతకు' బాగుంటుంది. 'రవికు' అని వస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ 'కి' కావాలి. 'రాముడు' వస్తే ఏకంగా 'రాముడుకు' అవుతుంది. క్రియ దగ్గర ఇంకో తంటా: వచ్చాడా, వచ్చిందా? దీనికి తెలుగే మనకు ఒక మంచి ఉపాయం ఇచ్చింది. పేరు తర్వాత 'గారు' పెట్టండి. 'గారికి', 'గారి నుంచి', 'గారు వచ్చారు'. విభక్తి పేరును తాకదు, లింగభేదమూ పోతుంది, మర్యాదా నిలుస్తుంది. పరీక్ష పెట్టినవాళ్లు ఎదురుచూసేది ఈ ఆలోచననే. ఈ జాగాను గుర్తించే కర్లీ బ్రాకెట్లలోని మాటను మాత్రం అనువదించకండి. అది ప్రోగ్రాముది, ముట్టుకుంటే యాప్ విరిగిపోతుంది. అలా చేసినవాళ్లను తీసుకోరు, మిగతాదంతా ఎంత బాగున్నా.

మూడోది అంకెలు. అంకె పక్కన మనుషులుంటే తెలుగు వేరుగా లెక్కపెడుతుంది. 2 కిలోలంటే రెండు కిలోలు. 2 పిల్లలంటే ఇద్దరు పిల్లలు. ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు దాకా వెళ్లి ఎనిమిది మంది అవుతుంది. తెరమీద అంకె రాసేస్తే కొంత తప్పించుకోవచ్చు. కానీ మాట్లాడే యంత్రానికి పాఠం తయారుచేసే పని అయితే ఈ నియమం అంతా మీరే రాసివ్వాలి. '1969' సంవత్సరమా, ఎకరాల సంఖ్యా, ఫోను నంబరులో ముక్కా అన్నదాన్ని బట్టి చదివే తీరు మారుతుంది. 'చ' కూడా అంతే. 'చాలా'లో దంతాలకు తగిలే చ, 'చీమ'లో తాలువుకు తగిలే చ, 'చక్రం' సంస్కృతం నుంచి వచ్చింది కాబట్టి అకారం ముందున్నా తాలవ్యమే. లిపిలో ఒకటే అక్షరం. ఉచ్చారణ నిఘంటువు తయారుచేసేటప్పుడు ఈ భేదం ఎవరు చెప్తారు? భాషాశాస్త్రం చదివినవారే. ఇది మీ బలం, వచ్చే పరీక్షకు వెళ్లే ముందు మీ ఫోనులోని ఏదైనా యాప్‌ను తెలుగులోకి మార్చి, తప్పనిపించిన ముప్ఫై వాక్యాలు ఏరి, పక్కన మీ సవరణా, కారణమూ రాసుకోండి. దాన్నే నమూనాగా పట్టుకెళ్లండి.

*ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ రెండో ఏడాది. భాషాశాస్త్రం చదివి స్పీచ్ థెరపిస్ట్ అవుతానంటోంది. ఆ దారి సరైనదేనా?*
*– ఒక తండ్రి, నిజామాబాద్*

దారి అది కాదు, ఇప్పుడే అడగడం మంచిదైంది. స్పీచ్ థెరపీ వైద్యానుబంధ వృత్తి. దానికి ఇంటర్ సైన్సు తర్వాత వినికిడి, మాటల చికిత్స నేర్పే బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీ చేయాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. చదివాక భారత పునరావాస మండలిలో నమోదు కావాలి, అది లేనిదే రోగుల్ని చూడకూడదు. ఎం.ఏ. భాషాశాస్త్రంతో ఆ నమోదు రాదు. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్‌శ్రవణ సంస్థ దీనికి పేరుమోసిన చోటు. మీకు దగ్గరలో సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

అమ్మాయికి పిల్లలకు మాటలు నేర్పించాలని ఉందా, లేక భాష ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఉందా, ఒకసారి కూర్చుని అడగండి. మొదటిదైతే బీఏఎస్‌ఎల్‌పీ. రెండోదైతే ఏ డిగ్రీ చేసినా తర్వాత భాషాశాస్త్రానికి రావచ్చు, తొందర లేదు.

*ప్రశ్న: భాషాశాస్త్రంలో యూజీసీ నెట్ రాస్తే లాభమేమిటి?*
*– విద్యార్థి, కుప్పం*

పరిశోధన వైపు వెళ్లేవారికి బాగా ఉపయోగపడుతుంది. భాషాశాస్త్రం సబ్జెక్టు కోడ్ 31. మూడు గంటల్లో రెండు పేపర్లు, మొదటిది 50 ప్రశ్నలు, రెండోది 100, ఒక్కోదానికి రెండు మార్కులు, తప్పుకు కోత లేదు. ఎం.ఏ.లో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 50. జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్ల వయోపరిమితి ఉంది, మహిళలకూ రిజర్వేషన్ వర్గాలకూ ఐదేళ్ల సడలింపు. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి కాబట్టి తెలుగు మాధ్యమంలో చదివినవారు పారిభాషిక పదాలను రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకుని చదవాలి. మన విద్యార్థులు ధ్వనిశాస్త్రం, పదనిర్మాణంలో బాగా చేసి వాక్యనిర్మాణ సిద్ధాంతాల దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. పాత ప్రశ్నపత్రాలు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

*ప్రశ్న: మాది ఏజెన్సీ ప్రాంతం. సవర, కొండ భాషల మీద పనిచేయాలని ఉంది. దీనికి ప్రాజెక్టులుంటాయా? రికార్డింగుకు ఏమేం కావాలి?*
*– విద్యార్థిని, పార్వతీపురం*

ఈ ఉత్తరం మాకెంతో సంతోషాన్నిచ్చింది. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చింది మీ ప్రాంతపు మాటలు వినే. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాషకు వ్యాకరణం రాశారు. ఆ భాషల ఊళ్ల మధ్యే పుట్టిపెరిగిన అమ్మాయి ఇప్పుడు అదే పని చేస్తానంటే అంతకంటే కావలసినదేముంది?

ప్రాజెక్టులు ఉంటాయి, ఎప్పుడూ ఉండవు. సీఐఐఎల్ పథకాల్లో క్షేత్ర పరిశోధకుల్ని కాంట్రాక్టు మీద తీసుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠశాల పుస్తకాలు తయారైనప్పుడు భాష తెలిసిన స్థానికులే కీలకమయ్యారు. ఐటీడీఏలు అలాంటి పనులకు మనుషుల్ని పిలుస్తుంటాయి, మీ ఐటీడీఏ ఆఫీసులో పేరు ఇచ్చి ఉంచండి. విదేశీ నిధులిచ్చే వాటిలో బెర్లిన్‌లో ఉన్న అంతరించే భాషల నమోదు కార్యక్రమం, ఈఎల్‌డీపీ, విద్యార్థులకు కూడా ఇస్తుంది. దానికి నమూనా రికార్డు ఉంటే దరఖాస్తు బలంగా ఉంటుంది.

ఖరీదైన రికార్డరు లేకపోయినా మొదలుపెట్టవచ్చు. ఫోనులో మామూలు వాయిస్ రికార్డరు ధ్వనిని కుదించేస్తుంది. వేవ్ ఫైలుగా రికార్డు చేసే యాప్ పెట్టుకోండి, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. గంటకు సుమారు 320 ఎంబీ అవుతుంది, జాగా చూసుకోండి. శబ్దాన్ని తగ్గించే సదుపాయం ఆపేయండి, అది పదం చివర మెల్లగా పలికే ధ్వనుల్ని రొదగా భావించి మింగేస్తుంది. సవరలో గొంతు దగ్గర బిగపట్టి పలికే ధ్వని ఉంది, పోయేది అదే. కాలర్ మైకు కొనగలిగితే నోటికి జానెడు దూరంలో పెట్టండి. ఫ్యాను ఆపండి, రేకుల ఇల్లు వద్దు. రికార్డును వాట్సాప్‌లో పంపితే మళ్లీ కుదించుకుపోతుంది, కేబుల్‌తోనే కంప్యూటరులోకి ఎక్కించండి.

పదాల జాబితాతో మొదలుపెట్టండి, భాషలను పోల్చడానికి భాషాశాస్త్రవేత్త మోరిస్ స్వదేశ్ కూర్చిన మూల పదాల స్వదేశ్ జాబితాలో 100 పదాలదీ, 207 పదాలదీ ఉన్నాయి. జాగ్రత్త, తెలుగు మాట చెప్పి అడిగితే బోల్తా పడే చోట్లున్నాయి. 'చేయి' అనగానే ఒకరు చేతిని చెప్తారు, ఒకరు 'చెయ్యి, పని చెయ్యి' అనుకుంటారు. వాళ్ల చేతిని చూపించి అడిగితే 'నా చెయ్యి' అంటారు, మీ చేతిని చూపిస్తే 'నీ చెయ్యి' అంటారు, మీరు రెంటినీ ఒకే మాటగా రాసేసుకుంటారు. చుట్టరికాలు అడిగినా అంతే, 'మా అమ్మ' అన్న రూపమే వస్తుంది. ప్రతి మాటనూ మూడుసార్లు పలికించి నడిమిది తీసుకోండి, చివరిసారి గొంతు దిగిపోతుంది. కొండ భాషలో ర, ఱ ఇంకా వేరు వేరుగా ఉన్నాయి. తెలుగు చెవికి రెండూ ఒకటే అనిపిస్తాయి కాబట్టి అనుమానం వచ్చినచోట ధ్వనిని బొమ్మగా చూపించే ప్రాట్ అనే ప్రోగ్రాములో తెరిచి చూడండి. అది ఉచితం. రాసుకోవడానికి ఎలాన్, నిఘంటువు కట్టడానికి ఫ్లెక్స్, అవీ ఉచితమే.

ఫైలు పేరులో భాష, తేదీ, మాట్లాడినవారి సంఖ్య, విషయం ఉండాలి. పేరు రాయకండి, ఎవరు ఏ సంఖ్యో వేరే నోటుపుస్తకంలో రాసుకోండి. సాయంత్రమే రెండు చోట్ల కాపీ తీయండి.

మాట్లాడే ముందు అనుమతి అడగండి, ఆ అనుమతి కూడా వాళ్ల భాషలోనే రికార్డు కావాలి: ఎందుకు తీస్తున్నారు, ఎవరు వింటారు, వద్దంటే తీసేయవచ్చా. కొన్ని పాటలూ మంత్రాలూ బయటివాళ్లకు వినిపించకూడనివి ఉంటాయి, మళ్లీ మళ్లీ అడగవద్దు. కూలి పోగొట్టుకుని మీ దగ్గర కూర్చున్నవారికి ఆ పూట కూలి లెక్కగట్టి ఇవ్వండి, ప్రాజెక్టు దరఖాస్తులో ఆ ఖర్చును ముందే చూపించండి. పని అయ్యాక రికార్డుల కాపీ ఆ ఇళ్లకే ఇవ్వండి. పెన్‌డ్రైవ్ ఇస్తే చాలామందికి ఉపయోగం ఉండదు. ఫోనులో పెట్టుకుని వినేలా మెమరీ కార్డులో వేసి, ఒక్కో పాట పేరు వాళ్లకు అర్థమయ్యేలా మార్చి, మీ ముందే ఒకసారి ప్లే చేయించి రండి.